లేకపోతేగారి ఖాళీ ఉత్తరాలు

"లేకపోతే" అనకుండా ఏ మాటనూ ముగించలేకపోవడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. కంటి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లుగా గుమాస్తా. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. తక్కిన లోకానికి ఆయన లేకపోతేగారు. టీ తెచ్చిస్తే, "వేడిగా ఉంటే తాగుతాను, లేకపోతే ఊదుకునే శ్రమ తప్పింది కనుక తాగుతాను" అనేవాడు. భోజనానికి వస్తున్నారా అని భార్య ఫోన్ చేస్తే, ఆకలైతే వస్తానని, లేకపోతే ఆవిడ పిలిచింది కనుక వస్తానని చెప్పేవాడట. ఆవిడ మొదటి ముక్క వినగానే కంచం పెట్టేసేది.

ఈ జబ్బు కంప్యూటర్‌కూ అంటుకుందని కొత్తగా వచ్చిన మేనేజరమ్మకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. పరీక్షలకు రమ్మని రోగులకు వెళ్లే ఉత్తరం నమూనా ఒక్కటే. దానికి పేర్ల జాబితా తగిలించి మీట నొక్కితే ఎవరి ఉత్తరం వారికి తయారై రావాలి. లేకపోతేగారు అందులో నలభై షరతులు దూర్చాడు. వయసు అరవై దాటితే పెద్ద అక్షరాలు, లేకపోతే చిన్నవి. కంట్లో మందు వేసేదుంటే తోడు తెచ్చుకోండి, లేకపోతే ఒక్కరే రండి. వానాకాలమైతే గొడుగు మరవకండి. చదువుతుంటే మేనేజరమ్మకు తల తిరిగింది.

ఒక సోమవారం నాలుగు వందల ఉత్తరాలు అచ్చవుతుంటే మధ్యమధ్య తెల్లకాగితాలు వచ్చాయి. ఏరి లెక్కపెడితే పందొమ్మిది. ఒక్క అక్షరం లేదు.

"ఇవేమిటండీ?"

"అవి ఖాళీగా వస్తేనే సరైనట్టమ్మా. లేకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు."

ఆవిడ ఓర్పు నశించింది. ఒకటో తారీఖు నుంచి ఆ నమూనా చెల్లదనీ, షరతుల్లేని కొత్తది తానే రాయిస్తాననీ, ఆయన పాత రికార్డుల గదికి వెళ్లాలనీ చెప్పేసింది. ఆయన తెల్లకాగితాలన్నీ బల్ల మీద పెట్టుకుని, మూలలు మడవడం మొదలుపెట్టాడు. మనిషికి మతి చలించిందేమోనని మేనేజరమ్మకు నిజంగానే బెంగ కలిగింది.

మర్నాడు పొద్దున వరండా బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చూపు పూర్తిగా పోయింది. నొప్పి తగ్గే చుక్కల కోసం వస్తుంది. ఆమె చేతిలో అలాంటి తెల్లకాగితమే, రెండు మూలలు మడిచి. మేనేజరమ్మ పక్కన కూర్చుని అదేమిటని అడిగింది.

"గుమాస్తా బాబు ఉత్తరమమ్మా. అందిన మరుసటి వారం రావాలి. ఒక మూల మడిస్తే సోమవారం, రెండైతే మంగళవారం. నాలుగూ మడిస్తే గురువారం."

"మరి శుక్రవారమైతే?"

"కాగితానికి అయిదో మూల లేదుగా. మమ్మల్ని శుక్రవారం పిలవడు." ముసలమ్మ నవ్వింది. "ఇదివరకు ఉత్తరమొస్తే, చదివిపెట్టండని ఇంటింటికీ తిరిగేదాన్ని. ఇప్పుడు నా ఉత్తరం నేనే చదువుకుంటున్నా."

మేనేజరమ్మ సిగ్గుపడింది. తిన్నగా ఆయన బల్ల దగ్గరకు వెళ్లింది. ఇంకా అయిదు కాగితాలు మిగిలున్నాయి. ముందే అడగాల్సిందనీ, రికార్డుల గది మాట ఇక ఎత్తననీ చెప్పి, కుర్చీ లాక్కుని తానూ ఒకటి తీసుకుంది. మూల మడిస్తే వంకరగా వచ్చింది.

"ఇది పనికొస్తుందా?"

ఆయన కళ్లు మూసుకుని దాన్ని వేలితో తడిమాడు.

"చేతికి తగిలితే పంపుదామమ్మా. లేకపోతే..." ఆ మడత మీద బొటనవేలితో గట్టిగా రుద్దాడు. "తగిలేట్టు చేసి పంపుదాం."