అన్నయ్య నెత్తిన రుద్దిన మధ్యాహ్నం

కళ్లద్దాల దుకాణంలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆవిడని ఇంట్లో చిట్టి అనేవారు, వీధిలో కథలావిడ అనేవారు. పగలంతా జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేసేది. పొద్దున్నే లేచి వంటింటి బల్ల దగ్గర నవలలు రాసేది. మొత్తం తొమ్మిది. వాటితో లోకం తలకిందులైపోలేదు గానీ, లైబ్రరీల్లో అట్టలు ఊడేదాకా చదివారు. అంతకంటే ఏం కావాలి?

రాయడంలో ఆవిడకో పద్ధతి ఉండేది. చిత్తుప్రతిలో పిరికితనం, అసూయ, అబద్ధం అన్నీ తనవిగానే, ఉన్నదున్నట్టు రాసుకునేది. అలా అయితే తప్ప కలం కదిలేది కాదట. సాపు రాసేటప్పుడు మాత్రం వాటన్నిటినీ తీసుకెళ్లి పక్కవాళ్ల నెత్తిన రుద్దేది. ఒక నవలలో అల్లుడి నెత్తిన, ఇంకోదాంట్లో పాపం ఏ బస్సు కండక్టరు నెత్తినో. ఆవిడ పోలికలున్న నాయిక కడిగిన ముత్యంలా మిగిలేది.

మొదటి నవలలో ఆ భాగ్యం అన్నయ్యకి దక్కింది. అసలు జరిగింది వేరు. ఆసుపత్రిలో అమ్మ ఆఖరి మధ్యాహ్నం, మందులు తెస్తానని చిట్టి బయటికి వెళ్లింది. మందుల షాపు గేటు పక్కనే ఉంది. దాన్ని దాటుకుని బస్టాండుకి పోయి, బెంచీ మీద రెండు గంటలు కూర్చుంది. అమ్మ పోవడం చూడలేక పారిపోయింది, అంతే. టైలరు అన్నయ్య కుట్టుమిషను వదిలేసి వచ్చి, చివరిదాకా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నవలలో పారిపోయినవాడు అన్న, చెయ్యి పట్టుకున్నది చెల్లెలు.

అది చదివి అన్నయ్య పల్లెత్తు మాట అనలేదు. కథకి అలాగే బాగుందిలే అని మళ్లీ మిషను తొక్కుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చింది. ఈసారి నవలలో నిజం రాసేద్దాం అనుకోవడం, సాపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోవడం. సభల్లో మాత్రం, రాసేవాళ్లు ముందు తమని తాము ఒప్పుకోవాలని గొంతు సవరించుకుని మరీ చెప్పేది. చప్పట్లు కూడా పడేవి. కానీ ఆ రెండు గంటల్లో అమ్మ దగ్గర ఏం జరిగిందని అన్నయ్యని ఒక్కసారీ అడగలేదు. అడిగితే బెంచీ సంగతి బయటపడుతుందని భయం.

డెబ్బయ్యో ఏట అన్నయ్యకి మతిమరుపు పట్టుకుంది. ముందు కొలతలు మరిచిపోయాడు, తర్వాత మనుషుల్ని. పాత సంగతులు గుర్తుచేస్తూ ఉండమన్నాడు డాక్టరు. అత్తగారి గురించి ఉంది కదా అని వదిన ఆ మొదటి నవలే రోజూ చదివి వినిపించింది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయనకి అదే జ్ఞాపకమై కూర్చుంది.

ఒక ఆదివారం ఉదయం చిట్టి వెళ్లగానే గుమ్మంలోనే రెండు చేతులూ పట్టుకున్నాడు. "అమ్మ పోయేటప్పుడు నిన్నొక్కదాన్నే వదిలేసి పారిపోయాను చిట్టీ. నన్ను క్షమించమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పారిపోయింది నేనన్నయ్యా, నువ్వు కాదు అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. ఆవిడ ఆటోలో ఇంటికెళ్లి, అటక మీది చిత్తుప్రతి దులిపి తీసుకొచ్చింది. వదిన ఎదురుగానే, షాపు దాటిపోవడం, బెంచీ, క్యూ ఉందని తర్వాత ఆడిన అబద్ధం, అన్నీ చదివింది. చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వదిన తల తిప్పుకుంది.

అన్నయ్య శ్రద్ధగా విన్నాడు. విని, జాలిగా ఆవిడ తల నిమిరాడు.

"చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు. నా తప్పు నీ మీద వేసుకుంటావు. నాకోసమని ఇంత కథ అల్లావా?"

ఇక ఏ కాగితం చూపించాలో ఆవిడకి తెలియలేదు. కాసేపటికి ఆయనే దగ్గరికి జరిగి, వదినకి వినపడకూడదన్నట్టు మెల్లగా అడిగాడు.

"పోనీ, ఒక్కటి చెప్పు. ఆఖర్న అమ్మ ఏమంది? నేనేడని అడిగిందా?"

తొమ్మిది నవలల్లో ఎంతమంది చేతో ఆఖరి మాటలు పలికించిన మనిషి దగ్గర ఆ ఒక్క మాటే లేదు. ఆ మధ్యాహ్నం అమ్మ మాట విన్నవాడు అన్నయ్య ఒక్కడే.