మేకుకు వేలాడిన వాచీ

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మడం మొదలుపెట్టానని కూడా ఎవరూ అనుకోవద్దు. ఫోన్‌లో యాప్ వేసుకునే ముందు వచ్చే షరతులను చివరిదాకా చదివే కొద్దిమంది పనిలేనివాళ్ళలో నేనొకణ్ణి. అవి చదివినవాడికి దెయ్యాలు మర్యాదస్తుల్లాగే కనబడతాయి. ఏ దెయ్యమూ మన దగ్గరున్న ఫోన్ నంబర్లన్నీ ఇమ్మనదు. మనం మాట్లాడుకునేది చాటుగా విని, మర్నాడు ప్రెషర్ కుక్కర్ల ప్రకటన చూపించదు.

సత్తుపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. కరెంటున్నప్పుడు కంప్యూటర్లు, లేనప్పుడు వాటి గురించి. మన వివరాలు ఎవడి చేతిలో పడుతున్నాయో, ఆన్‌లైన్‌లో మనిషికి ఎంత స్వేచ్ఛ ఉండాలో క్లాసులో గొంతు పోయేలా చెబుతుంటాను. పిల్లలు అది రికార్డు చేసి, నాకు కుక్క చెవులు తగిలించి, ఊరంతా పంచుతుంటారు. వాళ్ళ స్వేచ్ఛ వాళ్ళది.

మా సొంతూరు పెనుబల్లి మండలంలో, గుట్టల కింద. ఊరు అయిపోయిన చోట పామాయిల్ తోటలు, తోటలు అయిపోయిన చోట అడవి. ఊళ్ళో సిగ్నల్ ఒకటి రెండు గీతలు. మబ్బు పట్టిందంటే అవీ ఉండవు. అలాంటి రోజున ఓటీపీ కావాలంటే ఫోన్ ఎవరికైనా ఇచ్చి వాటర్ ట్యాంకు ఎక్కిస్తారు. పైనున్నవాడు అంకెలు ఒక్కొక్కటే అరుస్తాడు, కిందున్నవాడు ఇంకో ఫోన్‌లో కొట్టుకుంటాడు. ఆ అంకెలు ఎవరికీ చెప్పకండని బ్యాంకు బతిమాలుతూనే ఉంటుంది. మావాళ్ళు ఎవరికీ విడిగా చెప్పరు. ఊరందరికీ ఒకేసారి చెబుతారు.

ఆ ఊళ్ళోనే మా పెదనాన్న రాజయ్య, పెద్దమ్మ ఉంటారు. పెదనాన్న కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరై వచ్చి తోట పెట్టుకున్నాడు. కొంతకాలంగా మతిమరుపు. ఎంతంటే, పొద్దున్నే తలకు తువ్వాల చుట్టుకుని, మొదటి షిఫ్టుకు పోవాలంటూ రోడ్డు మీది బస్టాపుకు వెళ్ళి నిలబడేవాడు. ఎవరో ఒకరు ఈ రోజు బాయి బందని చెప్పి వెనక్కి తీసుకొచ్చేవాళ్ళు.

వాళ్ళ అల్లుడు శ్రీను బావకు పెనుబల్లిలో ఎరువుల దుకాణం ఉంది. కొత్త వస్తువంటే పడి చస్తాడు. ఇంటి తలుపుకు వేలిముద్రతో తెరుచుకునే తాళం పెట్టించాడు. యూరియా బస్తాలు మోసి మోసి వేలిమీద గీతలు అరిగిపోయాయి కాబట్టి ఆ తాళం ఆయన్ను ఇంటి మనిషిగా గుర్తించదు. పెరటి తలుపు నుంచి లోపలికి వస్తాడు. దానికి తాళమే లేదు. గేటు దగ్గర కెమెరా ఉంది. దాని పాస్‌వర్డు కూతురి పేరు. ఆ పేరు ఇంటి ముందు గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించాడు.

పెదనాన్నకు వాచీ తెచ్చింది కూడా ఆయనే. లోపల సిమ్ వేస్తే, తొడుక్కున్న మనిషి ఎక్కడున్నాడో మన ఫోన్‌లోని పటం మీద నీలం చుక్కగా కనిపిస్తుంది. మనిషి మెడలో గంట కట్టడం కాదా ఇది అన్నాను.

"ఏంది బామ్మర్ది, నీ స్వేచ్ఛ పాఠాలు కాలేజీల చెప్పుకో. రేపు మామ తప్పిపోతే నీ స్వేచ్ఛ పోయి ఎతుకుతదా?" అన్నాడు బావ.

జవాబు లేనివాడు చేసే పనే చేశాను. ఆ యాప్ షరతులు పైకి చదివి వినిపించాను. పెద్దమ్మకు మధ్యలోనే నిద్ర పట్టింది.

బావ పోరు పడలేక నా ఫోన్‌లో కూడా ఆ యాప్ వేశాను. పేరు అడిగితే దొంగ పేరిచ్చాను. పుట్టినరోజు జనవరి ఒకటి అన్నాను. మైకు ఇవ్వనన్నాను, ఫొటోలు ఇవ్వనన్నాను, నేనెక్కడున్నానో చెప్పనన్నాను. ఇన్ని వద్దన్నా యాప్ తెరుచుకుంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

వానాకాలం. కాలేజీకి సెలవు. మధ్యాహ్నం అన్నం తింటుంటే తెలియని నంబరు నుంచి ఫోన్. తెలియని నంబరు ఎత్తకపోవడం నా నియమం. అది ఆగి, మళ్ళీ మోగి, ఆగి, మళ్ళీ మోగింది. నియమాన్ని పక్కన పెట్టి ఎత్తాను. పెద్దమ్మ ఏడుస్తోంది. పొద్దున బయటికి పోయిన పెదనాన్న ఇంకా రాలేదు. బస్టాపులో లేడు, ఏ బస్సూ ఎక్కలేదట.

బండి మీద ఊరికి పోయేసరికి సగం ఊరు రోడ్డు మీద ఉంది. అందరూ సత్తుపల్లి దారి పట్టుకుని వెతుకుతున్నారు. పెదనాన్న ఎప్పుడు తప్పిపోయినా ఆ దిక్కున ఉన్న బస్టాపుకే పోతాడు కాబట్టి. గుట్టల మీద మబ్బు నల్లగా దిగి ఉంది. బావ ఫోన్ చూసుకుంటూ చెమటలు కక్కుతున్నాడు. ఆయన యాప్‌లో వాచీ దొరకడం లేదని ఒక ముక్క, కింద నవ్వుతున్న ముసలాయన బొమ్మ. అంత డబ్బు పోసి కొన్న వస్తువు, అవసరం పడిన రోజున బొమ్మ చూపించి ఊరుకుంది. నేను ఆశ్చర్యపడలేదు.

"నీ ఫోన్ల సూడు బామ్మర్దీ" అన్నాడు.

చూశాను. నా దాంట్లో నీలం చుక్క ఉంది. ఉండటమే కాదు, నడుస్తోంది. సత్తుపల్లి దారిలో కాదు, దానికి సరిగ్గా వెనక దిక్కులో. తోటల వెంట అడవి వైపు.

తోటలు దాటి ఆ దిక్కుకు పెదనాన్న ఎన్నడూ పోలేదు. ఇది ఈ యాప్ చేసే ఇంకో వెధవ పని అనుకున్నాను. బావ మాత్రం బండి తిప్పాడు.

తోటల చివర బండి ఆపి నడిచాం. పటం మీద వాగు మలుపు, చివరి పొలం గట్టు చూసుకుంటూ పోవాల్సి వచ్చింది. నేనెక్కడున్నానో ఆ యాప్‌కు తెలియదు. నేనే వద్దన్నాను కదా. చుక్క మాకు కొంచెం ముందు పోతోంది. వాగు దగ్గర బావ చెప్పు తెగి ఆగితే అదీ ఆగింది. మేం కదిలాక కదిలింది. నెట్‌వర్కు లోపం అనుకున్నాను. లోపాలకు అంత ఓపిక ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది. తర్వాత కంపెనీ పరువు తీయడానికి పనికొస్తుందని అక్కడ ఒక స్క్రీన్‌షాట్ తీశాను.

అప్పుడే వాన మొదలైంది. పట్టా భూములకూ అడవికీ మధ్య లోతుగా తవ్విన కందకం ఉంటుంది. పక్కకు పోయి తొంగి చూస్తే తప్ప లోపలున్నది కనబడదు. చుక్క దాని దగ్గరికి పోయి నిలిచిపోయింది. ఇక కదల్లేదు.

పెదనాన్న కందకంలో ఉన్నాడు. గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చున్నాడు. మడమ వాచి గుండ్రంగా ఉంది. గుట్ట మీది నీళ్ళు అప్పటికే ఆయన మోకాళ్ళ దాకా వచ్చాయి. అరవలేదు, ఏడవలేదు. మమ్మల్ని చూసి కోప్పడ్డాడు.

"గింత ఆలస్యమేందిరా? కొమరయ్యనేనా మిమ్ముల పంపింది?"

"ఏ కొమరయ్య మామా?" అన్నాడు బావ, కందకంలోకి దిగుతూ.

"లాంపురూం కొమరయ్య. ఇంకెవరు? బిళ్ళ ఏసే వచ్చిన గద. అది సూసి మనిషిని పంపుతడని కూసున్న." అని మా వెనక్కి చూశాడు. "మీ ముందుగల్ల వచ్చినాయన ఏడి? ఇప్పటిదాంక ఈ గట్టు మీదనే ఉండె."

గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం. మతిమరుపు మనిషి మాట మీద ఎవరు నిలబడతారు? బావ ఆయన్ను వీపున ఎక్కించుకున్నాడు. నేను తువ్వాలతో వాన ఆపబోయాను. దానివల్ల ముగ్గురం సమానంగా తడిశాం.

దారిలో బావ ఒకటే మురిసిపోయాడు. "సూసినవా? టెక్నాలజీ అంటే గిది. ఇంక నోర్మూసుకో."

నోరు మూసుకునేవాణ్ణే. కానీ అప్పుడు బావ మెడ చుట్టూ ఉన్న పెదనాన్న చేతులు చూశాను. రెండు మణికట్లూ బోసిగా ఉన్నాయి. వాచీ ఏదంటే పెదనాన్న నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు. కందకంలో పడిపోయి ఉంటుందని వెనక్కి పోయి, నీళ్ళలో దిగి బురదంతా పిసికాను. దొరకలేదు.

వాచీ ఇంట్లో ఉంది. తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. పొద్దుటి నుంచీ ఊరు ఊరంతా ఆ గుమ్మంలో వచ్చి పోయారు. ఒక్కరూ చూడలేదు. చూడాల్సిన వాళ్ళం మేం యాప్ చూస్తున్నాం.

అప్పుడు పెద్దమ్మ చెప్పింది. బాయిలో ఒక పద్ధతి ఉండేదట. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ పైన, తలదీపాలు ఇచ్చే లాంపురూంలో ఇచ్చి పోవాలి. అక్కడ దాన్ని మేకుకు వేస్తారు. పైకొచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వెతకడానికి మనుషులను దించుతారు. పెదనాన్న వాచీని ఆ బిళ్ళ అనుకున్నాడు. బయటికి పోయేముందు విప్పి మేకుకు వేసి, వచ్చాక తొడుక్కుంటున్నాడు. అంటే ఇంట్లో మంచం మీద ఉన్నంతసేపూ ఆయన ఎక్కడున్నాడో ఫోన్‌లో చూసుకోవచ్చు. గడప దాటితే లేదు.

"మరి సెప్పలేదేందత్తా?" అని బావ కసిరాడు.

"నువ్వు అడిగినవా? వాచీ భద్రంగుండాలన్నవు. ఇంట్లుంటే భద్రమే గద" అంది పెద్దమ్మ.

సరే, వాచీ ఇంట్లో ఉందనే అనుకుందాం. తప్పుడు చోటు చూపించిందనే అనుకుందాం. యాదృచ్ఛికంగా ఆ తప్పుడు చోటులోనే మనిషి ఉన్నాడని కూడా అనుకుందాం. నేను ఎంత దూరమైనా అనుకోగలను. వాచీ తెర నల్లగా ఉంది. ఛార్జింగు పెడదామని వెనక మూత తీశాను. లోపల సిమ్ లేదు.

సిమ్ పెద్దమ్మ బటన్ ఫోన్‌లో ఉంది. ఆమె సిమ్‌కు రీచార్జి అయిపోయిందట. వాచీ సిమ్‌కు బావ వేయించిన రీచార్జి ఊరికే పోతోందని ఎప్పుడో తీయించి తన ఫోన్‌లో వేయించుకుంది.

"వాచీకి నోరుందా మాట్లాడనీకి? ఊకెనే పాడైతదని తీసిన" అంది. ఆ మాటలో నాకు తప్పు కనబడలేదు.

ఆ మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చిన తెలియని నంబరు ఆ సిమ్‌దే. అంటే పెదనాన్న ఎక్కడా కనబడటం లేదని పెద్దమ్మ నాతో చెప్పింది వాచీ నంబరు నుంచే. సిమ్ ఆమె కొంగున ఉన్న ఫోన్‌లో, వాచీ మేకు మీద, పెదనాన్న కందకంలో. చుక్క మాత్రం మా ముందు నడుస్తోంది. పెదనాన్న అప్పటికి చాలాసేపటి నుంచి కందకంలో పడి ఉన్నాడని ఆ కాలి వాపే చెబుతోంది. మరి ఆ దారిలో నడిచింది ఏమిటి?

కొమరయ్య ఎవరని అడిగాను. లాంపురూంలో బిళ్ళలు చూసే మనిషట. ఒక్క బిళ్ళ మిగిలినా అన్నం తినేవాడు కాదట. "ఆయన పోయి శాన ఏండ్లాయె. మేం బాయిలిడిసి రాకముందే పోయిండు" అని పెద్దమ్మ మామూలుగా చెప్పి, పసుపు నూరడానికి పోయింది.

కంపెనీకి రాశాను. ముందు ఒక యంత్రం నన్ను ప్రియమైన స్నేహితుడా అని పిలిచి, నా సమస్య తీరిందా అని అడిగింది. పట్టు వదలకపోతే చివరికి మనిషి వచ్చాడు. ఆ రోజు ఆ వాచీ నుంచి తమకు సిగ్నలే అందలేదని, ఏ చుక్కనూ తాము చూపించలేదని తేల్చేశాడు. తమ సేవ నచ్చితే ఐదు నక్షత్రాలు ఇమ్మన్నాడు. బావ ఇచ్చాడు.

బావను అడిగితే క్లౌడు అంటాడు. అంటే ఏంటో ఆయనకు తెలియదు, అందుకే ఆ మాటంటే ఇష్టం. ఊళ్ళో వాళ్ళు గుట్ట మీది అమ్మవారంటారు. ఇద్దరినీ నేను సమానంగా లెక్కచేయను. కాకపోతే ఊళ్ళోవాళ్ళు కొబ్బరికాయ కొట్టి ముక్క చేతిలో పెడతారు.

వాన తగ్గాక ఒక పగలు ఆ కందకం దగ్గరికి ఒక్కణ్ణే పోయాను. ఫోన్ ఎటు తిప్పినా గీత లేదు. ఇంటికొచ్చి పాత స్క్రీన్‌షాట్ తీసి చూశాను. పైన గీతలుండాల్సిన చోట సిగ్నల్ లేదన్న గుర్తు ఉంది. ఆ కంగారులో చూసుకోలేదు. కింద పచ్చటి అడవిలో నీలం చుక్క నిక్షేపంగా ఉంది.

సిమ్ మళ్ళీ వాచీలో వేశాం. అప్పటి నుంచి అది సరిగా పనిచేయడం లేదు. మంచం మీదున్న పెదనాన్నను హైదరాబాదులో చూపిస్తుంది. ఆయన బయటికి పోతూ దాన్ని మేకుకు వేయడం మానలేదు. పెద్దమ్మ వద్దనడం మానేసింది. పొయ్యి మీద కూరున్నా సరే, మధ్య మధ్యలో వచ్చి మేకు చూసుకుని పోతుంది. వాచీ ఉంటే వెంటనే ఎవర్నో ఒకర్ని పంపిస్తుంది. ఇంతవరకూ మా దగ్గర బాగా పనిచేసిన భద్రతా వ్యవస్థ అదొక్కటే.

జరిగింది జరిగినట్టు చెప్పాను. కారణం అడిగితే చెప్పలేను. చదువుకున్నది కంప్యూటర్లే అయినా ఆ చుక్క సంగతి నాకు అంతుపట్టలేదు.

యాప్ మాత్రం తీసేయలేదు. మొన్న అది కొత్తగా మారి మళ్ళీ అడిగింది, మీరెక్కడున్నారో అన్ని వేళలా తెలుసుకోవచ్చా అని. అసలు పుట్టినరోజు ఎవడికీ చెప్పని మనిషిని, సరే అని నొక్కాను. ఎవరికి సరే అన్నానో ఇప్పటికీ తెలియదు.