తాత పేరు మీద ఉన్న నంబరు

మా మామ్మ అచ్చాయమ్మకి ఫోనంటే భయం లేదు, గౌరవం అసలే లేదు. చేపల గంపలో తడిగుడ్డ కింద పెడుతుంది దాన్ని. అలాగైతే ఎండకి వేడెక్కదట. బటన్ల ఫోను. మూడు అంకెలు చెరిగిపోయాయి. రిపేరు షాపు ఐజాక్ దాన్ని విప్పిన ప్రతిసారీ ముక్కు మూసుకుని, "మామ్మగారూ, దీనికి కావాల్సింది బ్యాటరీ కాదండి, చింతపండు పులుసు" అంటాడు.

మాది అంతర్వేది పల్లిపాలెం. మామ్మ రోజూ పొద్దున్నే పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో ఇల్లిల్లూ తిరిగి చేపలు అమ్ముతుంది. పంటు రేవు చేరకముందే టీచరమ్మల ఫోన్లు మొదలవుతాయి, పండుగప్ప ఉందా, చందువా ఉందా అని. చేప మెత్తగా ఉందని ఎవరైనా అంటే మర్నాడు మారుమాట లేకుండా వేరేది ఇస్తుంది, పైన నాలుగు రొయ్యలు కొసరు వేస్తుంది. అందుకే ఫోను కంపెనీల వ్యవహారం ఆవిడకి మింగుడుపడదు.

"నా చేప బాగోకపోతే తెచ్చి నా మొహాన కొడతారు. వీళ్ళకి మొహం ఏదే కొట్టడానికి?" అంటుంది.

ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే ఆడగొంతు మీద మాత్రం ఆవిడకి జాలి. "పొద్దున్నించీ అదే మాట చెప్తోంది పాపం, మంచినీళ్ళైనా ఇచ్చారో లేదో."

"అది మనిషి కాదు మామ్మా, మిషను."

"మిషనా? మరి నీకంటే మర్యాదగా మాట్లాడుతోందేం?"

లోన్ కావాలా అని ఫోన్ చేసేవాళ్ళని ఏ ఊరని, ఏం కూరని అడుగుతుంది. ఒకమ్మాయైతే తను ఎందుకు ఫోన్ చేసిందో మర్చిపోయి, హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటోందని చెప్పుకుని ఏడ్చింది. ఇంటర్ మధ్యలో మానేసి జెరాక్స్ షాపులో చేరాను కాబట్టి మా ఇంట్లో నేనే ఇంజినీర్ని. ఇలాంటి ఫోన్లు ఎత్తకు మామ్మా అని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"కొత్త నంబరు కనిపిస్తే ఎత్తకుండా ఎలా ఉంటానే? మీ తాతైతే?"

మా తాత బంగార్రాజు పధ్నాలుగేళ్ళ కిందట గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళాడు. మొదట్లో ఏటా వచ్చేవాడు. తర్వాత రావడం మానేసి ఫోన్ చేసేవాడు. అవీ తగ్గాయి. చివరి ఫోను వచ్చి ఐదేళ్ళయింది. ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేశాడు. "ఈ నంబరు మార్చకే. నాకు నోటికొచ్చింది ఇదొక్కటే" అన్నాడు. తాతకి చదువు రాదు. ఆ పది అంకెలూ వల లాగుతూ పాటలా నేర్చుకున్నాడు. ఆ తర్వాత మాటా లేదు, మంచీ లేదు, చెడూ లేదు. నాన్న వెళ్ళి వెతికొచ్చాడు. ఆ రేవులో లేడు, ఇంకో రేవుకి పోయాడన్నారు. ఆ ఇంకో రేవు ఏదో ఎవరికీ తెలీదు. ఊళ్ళో ఆడవాళ్ళు మామ్మ బొట్టు వైపు చూస్తారు, ఏదో అనబోయి ఊరుకుంటారు.

ఆ సిమ్ తాత పేరు మీద ఉంది. ఆ పేరు మామ్మ జన్మలో అనలేదు. మొగుడి పేరు ఎత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పిందట. అందులో బంగారం ఉంది కాబట్టి ఆ మాట కూడా అనదు. నగల షాపుకెళ్ళి "ఆ పచ్చ సరుకు చూపించు బాబూ" అంటుంది. రేషన్ దగ్గర, ఓట్ల దగ్గర మొగుడి పేరు అడిగితే పక్కనున్నవాళ్ళని మోచేత్తో పొడుస్తుంది, వాళ్ళు చెప్తారు. చిన్నప్పటినుంచీ ఆ పక్కనుండేది నేనే. నా డొక్కకి అది బాగా తెలుసు.

మొన్న ఆషాఢంలో మామ్మ ఫోన్ నుంచి కాల్స్ వెళ్ళడం మానేశాయి. మెసేజ్ చదివితే ఇంగ్లీషులో ఉంది. సిమ్ ఎవరిదో వాళ్ళు వచ్చి మళ్ళీ వివరాలు ఇవ్వాలట, శనివారం దాటితే నంబరు రద్దు. అది గురువారం. మర్నాడు గంప కూడా ఎత్తకుండా నాతో నరసాపురం బయల్దేరింది.

కంపెనీ షాపు అద్దాల తలుపులతో, ఏసీతో బాగానే ఉంది. టై కట్టుకున్న కుర్రాడు కంప్యూటర్లో చూసి చెప్పాడు. "బంగార్రాజు గారి పేరు మీద ఉందండి. కస్టమరే రావాలండి."

"ఆయన రావడం కోసమే కదా బాబూ ఈ నంబరు" అంది మామ్మ. "ఆయన వచ్చేదాకా ఉంచండి చాలు. వచ్చాక మీరే తీసేసుకోండి."

కుర్రాడు టై సర్దుకున్నాడు. మంచివాడే. ఇంకో దారి ఉందన్నాడు, కాల్స్ ఆగినా కంపెనీ నంబరుకి మాత్రం వెళ్తుందట. ఇదే ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేసి, సిమ్ ఎవరి పేరు మీద ఉందో, ఆయన మనకేమవుతారో చెప్తే, నంబరు మామ్మ పేరు మీదకి మారుస్తారట. "కానీ ఎవరి పేరుకి మారాలో వాళ్ళే చెప్పాలండి. ఇంకొకరు చెప్తే ఒప్పుకోరు."

స్పీకర్ పెట్టి చేశాను. ముందు మిషను ఎత్తింది. ఈ కాల్ రికార్డ్ అవుతుందని చెప్పి, చందాదారుడి పేరు చెప్పమంది.

"మా సాయిదుర్గ వాళ్ళ తాత" అంది మామ్మ, నన్ను చూపిస్తూ.

"క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు."

"అదేనమ్మా, మా ఇంటాయన."

"క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు."

మామ్మ మోచెయ్యి నా డొక్కలో దిగింది. నేను నోరు తెరవబోతే కుర్రాడు వద్దని చెయ్యి ఊపాడు. మూడోసారి కూడా అర్థం కాక మిషను ఒక మనిషికి కలిపింది. తబిత అట ఆ అమ్మాయి పేరు. గోదావరి యాసే.

"మీ ఆయన గారి పేరు నాకు స్క్రీన్ మీద కనిపిస్తోందమ్మా. కానీ మీ నోటితోనే రావాలండి."

"కనిపిస్తుంటే మళ్ళీ నన్నెందుకమ్మా అడగడం?"

"రూలండి. నేను మాట్లాడేది కూడా పైవాళ్ళు వింటుంటారు."

మామ్మ ఫోను దగ్గరికి వంగింది. మెల్లగా అడిగింది. "తబితమ్మా, ఆ పేరు నేనంటే ఆయనకి ఆయుష్షు తక్కువ. అనకపోతే ఆయన ఫోన్ చేసిన రోజు ఎత్తడానికి నేనుండను. ఏది చెయ్యమంటావు?"

"నాకు తెలీదమ్మా" అంది తబిత.

మామ్మ నా వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు అనకుండా దాచాను కదే. ఒక్కసారికి తరిగేది ఎంతుంటుంది?"

"ఓ పూట తరుగుతుందేమో మామ్మా" అన్నాను.

"పూటేగా" అంది. చెప్పులు విడిచింది. కొంగు భుజం మీదుగా లాక్కుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడింది.

"బంగార్రాజు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెళ్ళికి ముందు గొంతేమో అది.

"వినపడలేదమ్మా, కొంచెం గట్టిగా అనండి" అంది తబిత.

"రెండో పూట" అని నాతో అని, మామ్మ ఈసారి గోదావరి అవతలి ఒడ్డు మీదున్న మనిషిని కేకేసినట్టు అరిచింది. షాపులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. వాచ్‌మన్ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు.

"ఆయన మీకేమవుతారమ్మా?"

"నేను ఆయన భార్యని" అంది మామ్మ. అది చెప్పడానికి ఎవరి సాయం అక్కర్లేకపోయింది.

నంబరు మార్చడానికి తబిత ఒప్పుకుంది. అందరినీ అడిగినట్టే, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

"ఇందాక రికార్డ్ అవుతుందన్నారు కదమ్మా. నేనన్నది మీ దగ్గర ఉంటుందా?"

"కొన్నాళ్ళు ఉంటుందండి."

"అయితే ఆయన ఎప్పుడైనా మీకు ఫోన్ చేస్తే అది వినిపించు తల్లీ. నేను పిలుస్తున్నానని చెప్పు."

"అలాగే మామ్మగారూ" అంది తబిత. ఆ మాట వాళ్ళ రూల్స్‌లో ఉండి ఉండదు. పైవాళ్ళు విన్నారో లేదో.

వేలిముద్రలు, ఆధార్ కాగితం అన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. బస్టాండు దగ్గర రెండు ప్లేట్లు ఇడ్లీ తీసుకున్నాను. మామ్మ తన ప్లేటు నా వైపు జరిపింది.

"ఆకలి లేదా?"

"ఎందుకు లేదు, దంచేస్తోంది. రెండు పూటలు తగ్గించాను కదే ఆయనకి. ఈ పూటా, రాత్రికీ నేను మానేస్తే సరిపెట్టమని స్వామికి చెప్పుకున్నాను."

"తాత బతికున్నాడో లేడో తెలీకుండా ఎందుకే ఈ పస్తులు" అని నాలిక చివరిదాకా వచ్చింది. ఇడ్లీ కుక్కుకున్నాను, ఆవిడ ప్లేటు కూడా నేనే తినేశాను. "తిను, తిను, ఎవరో ఒకరు తినాలిగా" అంది.

పంటు మీద తిరిగొస్తుంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మామ్మ చేతిలో అది ఒక్కసారి మోగిందో లేదో, "నేనే, చెప్పు" అంది. అటు నుంచి ఎవరో, లోన్ కావాలా అని అడిగారు.

"వద్దు బాబూ. నువ్వు అన్నం తిన్నావా?" అంది మామ్మ.