వంకాయ కూర

నాకు వేరుశనగ పడదు. ఒక్క పలుకు నోట్లో పడినా పెదవులు ఉబ్బుతాయి, గొంతు మూసుకుపోతుంది. కోస్తా నుంచి వచ్చి మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో స్థిరపడ్డ మా ఇంట్లో ఆ గింజలే కొనేవారు కాదు.

ఎమ్మేలో హాస్టల్లో చేరిన వారంలోనే రూమ్మేట్‌కి ఈ సంగతి చెప్పాను. ఆమెది కరీంనగర్ దగ్గర పల్లె. "అయ్యో, పల్లీలు లేకుంటె మా ఇంట్ల కూరే కాదు గదనే!" అంది. అయినా మెస్‌లో ఏ రోజు ఏం వేశారో కనుక్కుని వచ్చేది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. ఒక మధ్యాహ్నం తార్నాక చౌరస్తాలో విద్యార్థులు వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే భోజనాలు. రూమ్మేట్ రమ్మంటే వెళ్ళి ఆమె పక్కనే కూర్చున్నాను. వడ్డిస్తున్న సీనియర్ నా విస్తరిలో అన్నం పెట్టి, వంకాయ కూర గరిటె చాపాడు. చిక్కటి గుజ్జు. అందులో ఏం నూరి వేశారో కంటికి తెలియదు.

"కూర వద్దండీ," అన్నాను.

ఆ "అండీ" విని ఆయన ఆగాడు. "ఏంది, ఆంధ్రోళ్ళకు మా కూర ఎక్కదా?" అన్నాడు, నవ్వుతూనే. చుట్టుపక్కల వాళ్ళూ నవ్వారు. ఒకరిద్దరు నవ్వలేదు.

రూమ్మేట్ వైపు చూశాను. తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. నేనైనా చెప్పవచ్చు. కానీ ఆ క్షణాన ఏం చెప్పినా సాకులాగే వినిపిస్తుందనిపించింది. కూర వేయించుకుని తిన్నాను.

రెండో ముద్దకే నాలుక దురద పెట్టింది. కాసేపటికి ఊపిరాడలేదు. ఆ సీనియరే గరిటె పడేసి నన్ను మోటారు సైకిల్ ఎక్కించాడు. రూమ్మేట్ వెనక కూర్చుని నన్ను పట్టుకుంది. "జరుగున్రి! జరుగున్రి!" అని అరుస్తూ ఆయన జనంలోంచి దారి చేసుకున్నాడు.

ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక గొంతు తెరుచుకుంది.

"పడదని చెప్పొద్దా చెల్లె? చెప్తే ఎవరన్న ఏమన్న అంటుండెనా?" అని సీనియర్ అడిగాడు.

ఆయన బయటికి వెళ్ళాక రూమ్మేట్ ఏడ్చింది. "నేను చెప్తే నన్ను గూడ ఆంధ్రోళ్ళ దిక్కు అంటరని భయపడ్డనే."

"నేనూ భయపడే తిన్నాను," అన్నాను. ఆమెను ఓదార్చడానికే అన్న మాట అది. గొంతులోంచి నిందలా వచ్చింది.

ఆ వారమే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి బయలుదేరాను. ఆమె నా పరుపు చుట్టి బస్టాప్ దాకా మోసుకొచ్చింది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది. దిగిపోదామనుకున్నాను. దిగలేదు.