ఫీజు లేని వకీలుకు కర్పూరం

కోయంబత్తూరులో ఒక పెద్ద వకీళ్ల ఆఫీసుకు ఉన్నట్టుండి పేదల మీద ప్రేమ పుట్టింది. వారమంతా మిల్లుల తరఫున వాదించి, ఆదివారం మిల్లుల్లో నలిగినవాళ్ల మీద జాలిపడడం ఆ ప్రేమ పద్ధతి. సింగానల్లూరులో కార్మికులు ఉండే మిల్లు లైన్లలోకి కారు వచ్చేది. ముందు బ్యానరు దిగేది, తరువాత ఫొటోగ్రాఫరు, చివరికి వకీలుగారు. బ్యానరు మీద ఉచిత న్యాయసేవ అని తమిళంలో, ఇంగ్లీషులో రాసి ఉండేది. ఇంట్లో తమిళం కలిసిన తెలుగు మాట్లాడుకునే మా లైన్ల ఆడవాళ్లలో చాలామందికి ఏ అక్షరమూ రాదు. అందుకని విడమరిచి చెప్పే పని నాకు అప్పగించారు. నేను అప్పట్లో మూఢనమ్మకాల మీద సభలు పెట్టి గొంతు చించుకునేవాణ్ణి. ఆ గొంతు వాళ్లకు పనికొచ్చింది.

మొదట వచ్చినావిడ మిల్లులో పత్తి ఏరే మనిషి. భర్త అదే మిల్లులో స్పిన్నింగులో పనిచేసి, ఛాతీ జబ్బుతో పోయాడు. లైను గది ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఖాళీ చేయమని మిల్లు నోటీసు ఇచ్చింది. తానూ ఆ మిల్లు మనిషినే కదా, గది తన పేరు మీదకి మార్చమని ఆవిడ కోరిక. వకీలుగారు ఆవిడ పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, కేసు తీసుకున్నామని ప్రకటించారు.

కోర్టులో మాత్రం ఆయన కనిపించలేదు. వాయిదాకు ఒక జూనియరు వచ్చి, సీనియరు వేరే కోర్టులో ఉన్నారని చెప్పి ఇంకో తేదీ అడిగేవాడు. మిల్లు వకీలు పెద్దమనసుతో ఒప్పుకునేవాడు. చివరికి జడ్జిగారు విసిగి, ఈసారి వాదన చెప్పకపోతే గదికి తాళం వేసుకోమని మిల్లుకు ఉత్తర్వు ఇస్తానన్నారు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ అయ్య మన దగ్గర ఏమీ తీసుకోలేదు. తీసుకోకపోతే ఒప్పుకోలేదని దా అర్థం?"

మావాళ్ల లెక్క అది. పని ఒప్పుకున్నవాడు తాంబూలం తీసుకోవాలి, బయానా తీసుకోవాలి. అప్పుడే వాడు కట్టుబడ్డట్టు. ఏదీ తీసుకోనివాడి చేత, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పించి ఒట్టు వేయిస్తారు. మాట తప్పితే వాడి ఇంటి దీపం అలాగే ఆరిపోతుందట. ఆ ఆచారాన్ని నేను ఎన్ని సభల్లో ఉతికి ఆరేశానో నాకే గుర్తులేదు.

"ఆయన దయతో చేస్తున్నాడక్కా," అన్నాను.

"దయ వచ్చే పొద్దు వస్తుంది, రాని పొద్దు రాదు. నా గదికి బీగం వేసేవాడు మట్టుకు కండిప్పా వస్తాడు, తప్పడు."



వాయిదాకు ముందు ఆదివారం ఆఫీసువాళ్లు వకీలుగారికి ఒక హాలులో సన్మానం పెట్టారు. న్యాయం ఇంకా జరగలేదు గాని, దానికి శాలువా సిద్ధమైంది. ఫొటోలో బాగుంటుందని ఆ జరీ శాలువాను ఆవిడ చేతే కప్పించాలనుకున్నారు. ఆవిడ పళ్లెంతో వేదిక ఎక్కింది. శాలువా పక్కన పెట్టి, కొంగుముడి విప్పి, ఒక కర్పూరపు ముక్క తీసి పళ్లెంలో వెలిగించింది.

"అయ్యా, వాయిదాకు మీరే దా వస్తారని ఈ సూడం కొట్టి సత్యం చేయండి."

వకీలుగారు చల్లగా నవ్వారు. "అమ్మా, ఇదంతా మూఢనమ్మకం. మనిషి మాటకు నిప్పు సాక్ష్యం ఎందుకు? మన మిత్రులు ఎంత చక్కగా చెబుతుంటారు," అని నావైపు చేయి చూపారు.

జనం చప్పట్లు కొట్టారు. నా ఉపన్యాసాన్ని ఆయన నాకే ఫీజు ఇవ్వకుండా తన కేసుకు వాడుకున్నాడు.

ఆవిడ కొంగుతో విసిరి కర్పూరం ఆర్పింది. "సరి, అది వద్దు. ఉత్త నోటితో చెప్పండి. వస్తారా?"

"మా జూనియరు..."

"ఆ తంబి పావం. ఆయనకు తేదీ అడగడం ఒకటే తెలుసు." హాలు నవ్వింది. "మీరు వస్తారా?"

వకీలుగారు గడియారం చూశారు. మైకు తీసుకెళ్లి ఆయన ముందు పట్టుకున్నాను. "నిప్పు వద్దన్నది నా ఉపన్యాసంలో మొదటి సగమండి. మాట చాలన్నది రెండో సగం. అది కూడా తమరే చెప్పాలి."

"వస్తాను," అన్నారు. ఫొటోగ్రాఫరు మాత్రం ఆ క్షణాన్ని తీయలేదు.

వాయిదా నాడు రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లు, జుట్టులో పత్తి దూదితోనే వచ్చి కోర్టు వరండాలో కూర్చున్నారు. వకీలుగారు వచ్చారు, వాదించారు. కేసు తేలేదాకా గది జోలికి పోవద్దని జడ్జిగారు మిల్లుకు చెప్పారు. ఆ వాదనకు శాలువా మడత విప్పినంతసేపు కూడా పట్టలేదు. ఆ గదికి ఇన్నాళ్లూ కరువైంది ఆ కాసేపే.

బయటికి వచ్చాక వకీలుగారు హుషారుగా ఉన్నారు. "చూశావా అమ్మా, కర్పూరం అవసరమే పడలేదు. ఈపాటికి అది గాలికి హరించుకుపోయి ఉంటుంది."

ఆవిడ కొంగుముడి విప్పి చూపింది. కాలగా మిగిలిన ముక్క అలాగే ఉంది.

"హరించకుండా మిరియాలు వేసి దా కట్టి పెట్టాను, అయ్యా. ఇంగ మళ్లీ వాయిదా ఎప్పుడు?"