రంగు వేసిన గోడ, తొడుగున్న కేబుల్

నెట్‌వర్క్ కేబుళ్ల గురించి ఫోన్లో కస్టమర్లకు సలహా చెప్పడం నా ఉద్యోగం. షీల్డ్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా అని ఊళ్లు దాటి అడిగేవారు, చెబితే నమ్మేవారు. నమ్మకానికి ఆ మాత్రం దూరం ఉండాలేమో. బోయిన్‌పల్లిలో మా ఇంట్లో నన్నెవరూ నమ్మలేదు.

ప్రొబేషన్‌లో ఇంటి నుంచే పని. వైఫై మేడ మీద నా గదికి అందదు, మొబైల్ నెట్‌కు ఆఫీసు ఒప్పుకోదు. కేబుల్ లాగాలి. హాలు గోడకు చిల్లు పెడితే మామూలుది చాలు. లేదంటే మెట్ల పక్కన నీళ్ల మోటారు కరెంటు తీగ వెంటే లాగాలి. అప్పుడు రేకు తొడుగున్న షీల్డెడ్ కేబుల్ కావాలి, ఆ తొడుగును ఎర్తింగ్‌కు కలపాలి.

"చిల్లా? మొన్ననే రంగులేయించిన గోడకా?" అన్నారు నాన్న, నేను ఆయన కిడ్నీ అడిగినట్టు.

"వేలంతే నాన్నా."

"నీ వేలు బెట్టుకో. ఆ షీల్డుదే తే. గట్టిగుంటది."

"దానికి ఎర్తింగ్ కావాలి. మన ఎర్తింగ్ గుంత ఏది?"

"పార్కింగ్‌ల టైల్స్ ఏసినప్పుడు మూసేసిన్రు గదరా, సక్కగ లేదని," వంటింట్లోంచి అమ్మ.

"గయితే ఏందీ? భూమి యాడికి పోతది?" అన్నారు నాన్న.

నిజమే, భూమి ఎక్కడికీ పోలేదు. తీగే దాని దాకా పోలేదు.

షీల్డెడ్ కేబులే వచ్చింది. ఎర్తింగ్ లేని తొడుగు మోటారు తీగ నుంచి వచ్చే కరెంటు గోలను ఆపకపోగా పోగుచేస్తుంది. షీల్డ్ ఉన్నది కొనమన్నాక కస్టమర్లకు నేను చెప్పే రెండో మాట ఇదే.

మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, సరిగ్గా మా టీం మీటింగ్ వేళకు వస్తాయి. నల్లా వస్తే మోటారు వేయాలి. మోటారు వేస్తే నా గొంతు ముక్కలు.

"అమ్మా, జెర మోటర్ ఆపు!"

"నీళ్లు పోతే నీ మీటింగ్ తాగుతమా?"

న్యాయమైన ప్రశ్న.

ప్రొబేషన్ ఆఖరి మీటింగ్ నల్లా రోజే పడింది. ఒక కస్టమర్‌కు ఏ కేబుల్ సూచిస్తావో చెప్పమన్నారు మేనేజర్. నా జవాబు "షీల్" దాకా వెళ్లింది. "మీ ఇంట్లో కేబులే సరిచేసుకోలేదు, కస్టమర్‌కు ఏం చెప్తారండీ?" అన్నది మాత్రం ఒక్క అక్షరం తెగకుండా నాకు వినిపించింది. ఉద్యోగం ఖాయం కాలేదు.

నాన్నకు చెప్పాను. "గా మేనేజర్‌కు మన నల్లా టైం చెప్పాల్సుండె" అన్నారు.

ఇప్పుడు పగలంతా హాల్లోనే ఉంటున్నాను. గోడ మచ్చ లేకుండా మెరుస్తోంది. వెనక్కి వాలితే, పేపర్ దించకుండానే నాన్న అంటారు:

"తల ఆనియ్యకు. నూనె మరకైతది."