ఎడమ రెక్క

పెద్ద అధికారి టీ కప్పులో యుద్ధ విమానం ఎడమ రెక్క పడింది. కప్పు పగల్లేదు. టీ మాత్రం ఆయన తెల్లచొక్కా మీదా, పక్కనున్న విమానాల కంపెనీ ప్రతినిధి టై మీదా పక్షపాతం లేకుండా చిందింది. ధర మళ్లీ ఎందుకు పెరిగిందో ప్రతినిధి విడమరిచి చెబుతున్న ఘట్టం కావడంతో సమావేశం అక్కడితో ఆగింది.

విమానం చెక్కది, మూరెడు పొడవుంటుంది. దాన్ని చేసినవాడు, సైన్యానికి విమానాలు కొనే ఆ ఆఫీసు వడ్రంగి. అందరికీ విమానాల మావయ్య. "ఏడాదిలో అసలువి దిగుతాయి, అందాకా బల్ల మీదకి ఓ బొమ్మ చెయ్యి" అంటూ ఆయనకు పెళ్లికాకముందే ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఇప్పుడాయన జుట్టు నెరిసింది, కూతురు కాలేజీలో చేరింది. విమానం బల్ల దిగలేదు.

ధర పెరిగినప్పుడల్లా ఆఫీసు పెద్దమనుషులకు కాస్త సిగ్గేసేది. పాత సరుకుకే ఎక్కువ డబ్బంటే బాగుండదు గనక, బొమ్మకి ముక్కు పొడిగించమనేవారు. ఇంకోసారి తోక చీల్చమనేవారు. కొత్త చెక్క అడిగితే మాత్రం నిధుల్లేవు. మావయ్య పాత ముక్కు కోసి, కొత్తది అతికించి, లప్పం పెట్టి రంగేసేవాడు. లప్పం మీద లప్పం పడి విమానం గేదెలా బలిసింది. ఎగిరే పని లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సమావేశం రోజు పొద్దున్నే ధర మళ్లీ పెరిగింది. రెక్కలు వెడల్పు చేయమన్నారు.

"జిగురు ఆరాలి సార్, రేపటిదాకా ఆగండి."

"రేపటికి ఇంకా పెరుగుతుంది. అతికించవయ్యా" అన్నాడు గుమాస్తా. హాస్యమాడాడనుకునేరు, ఉన్నమాటే చెప్పాడు.

రెక్క ఊడాక ఆఫీసుకు పొదుపు గుర్తొచ్చింది. విమానాల ఖర్చు తగ్గించాలని గట్టిగా తీర్మానించి, ముందుగా వడ్రంగిని తీసేద్దామనుకున్నారు. సంజాయిషీ చెప్పుకోమని మర్నాడు పిలిచారు.

"ఏవండీ, నోరు జారకండి. తప్పయిపోయింది, క్షమించండి అనేసి వచ్చేయండి" అంది భార్య, చొక్కా అందిస్తూ. "పిల్ల చదువు మధ్యలో ఉంది."

"అలాగేలే."

"మీ అలాగేలే నాకు తెలీదూ. ఏదీ, ఒక్కసారి అనండి."

అన్నాడు.

"గొంతులో కాస్త ఏడుపు తగలాలి బావా" అన్నాడు బావమరిది. మావయ్య మళ్లీ అన్నాడు. బాగానే కుదిరింది.

పెద్ద అధికారి గదిలో ప్రతినిధి కొత్త టైతో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కాగితంలో చుట్టిన రెక్క ఉంది. మావయ్య చేతులు కట్టుకున్నాడు. క్షమాపణ నాలుక చివరిదాకా వచ్చింది.

ప్రతినిధి గొంతు సవరించుకున్నాడు. "నిన్న సమావేశం ఆగింది కదండీ, ఆ ఆలస్యం వల్ల ధర ఇంకాస్త..."

"దానిదేముందండీ, చూద్దాం లెండి" అన్నాడు అధికారి మెత్తగా. అదే నోటితో ఇటు తిరిగి గద్దించాడు. "ఏమయ్యా, అంతమందిలో విమానం రెక్క ఊడిపోతే మా పరువేం కావాలి?"

మావయ్య రెక్కకేసి చూశాడు, కొత్త టైకేసి చూశాడు.

"ఊడ్డానికి రెక్కంటూ ఉన్న విమానం మీ దగ్గర అదొక్కటే కదండీ."